రాగికి కుదరని సంబంధం

మొక్కజొన్న వేయాలనుకుంటే మడకశిర రైతు విత్తనాల దుకాణానికి వెళ్తాడు. రాగి వేయాలనుకుంటే ఇంట్లో అటక వైపు చూస్తాడు. మొక్కజొన్న సంచీ ఏటా కొనాల్సిందే. రాగికి ఆ బాధ లేదు. నిరుడు కళ్లంలో మంచి కంకులు ఏరి, ఎండబెట్టి దాచుకున్నవి చాలు. అవీ లేకపోతే పక్కింటివాళ్లను అడిగి తెచ్చుకోవచ్చు.

మూడు వైపులా కర్ణాటక ఉన్న ఈ గడ్డ మీద తెలుగు మాట్లాడే ఇంట్లో అయినా, కన్నడం మాట్లాడే ఇంట్లో అయినా సంగటి ముద్ద ఉండాల్సిందే. జొన్నకు హైబ్రిడ్ వచ్చింది. సజ్జకు వచ్చింది. ఆఖరికి వరికీ వచ్చింది. మరి ఇంత ముఖ్యమైన రాగికి ఎందుకు రాలేదు?

జవాబు తెలియాలంటే ముందు పుప్పొడి లేని పూల కథ వినాలి.

లోపమే వరమైంది

రెండు వేర్వేరు వంగడాలను కలిపితే పుట్టే మొదటి తరం తల్లిదండ్రులిద్దరికన్నా ఏపుగా పెరుగుతుంది. హైబ్రిడ్ బలమంతా అదే. మొక్కజొన్నలో ఈ పెళ్లి తేలిక. మగ పూలు నెత్తిన, ఆడ పూలు నడుము దగ్గర ఉంటాయి. తల్లిగా ఎంచుకున్న మొక్కల తలలు తుంచేస్తే పని అయిపోతుంది.

జొన్న అలా కాదు. ఒక్కో చిన్న పువ్వులోనే ఆడ భాగం, మగ భాగం కలిసి ఉంటాయి. ఒక్క కంకిలో వందలు, వేలు పూలు. ఎకరం పొలంలో ఎంతమంది కూర్చుని చిమటాలతో పుప్పొడి తిత్తులు పీకగలరు? పుట్టుకతోనే పుప్పొడి లేని మొక్క దొరికితే తప్ప దారి లేదు.

1954లో టెక్సాస్‌లో స్టీఫెన్స్, హోలాండ్ అనే శాస్త్రవేత్తలు ఆ దారి చూపించారు. మైలో అనే జొన్నను తల్లిగా, కాఫిర్ అనే జొన్నను తండ్రిగా పెట్టి సంకరం చేశారు. వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ కాఫిర్‌తోనే కలుపుతూ పోయారు. చివరికి చూడటానికి అచ్చం కాఫిర్‌లా ఉన్నా పుప్పొడి మాత్రం లేని మొక్కలు మిగిలాయి.

కారణం మైటోకాండ్రియా. కణానికి శక్తినిచ్చే ఈ భాగాలు పైరుల్లో సాధారణంగా తల్లి నుంచే వస్తాయి. కేంద్రకంలోని జన్యువులు తల్లీతండ్రీ ఇద్దరివీ. మైలో మైటోకాండ్రియాకూ, కాఫిర్ కేంద్రకానికీ పొసగలేదు. ఆ పేచీలో పుప్పొడి ఎండిపోయింది. ఆడ భాగానికి మాత్రం ఏమీ కాలేదు.

ముగ్గురుంటేనే కాపురం

పుప్పొడి లేని మొక్క తన వంశాన్ని తాను నిలబెట్టుకోలేదు. అందుకే దానికి ఒక తోబుట్టువు కావాలి. అన్ని విధాలా దానిలాగే ఉండి, మంచి మైటోకాండ్రియా వల్ల పుప్పొడి ఉన్న మొక్క అన్నమాట. దాని పుప్పొడి పడితే మళ్లీ పుప్పొడి లేని ఆడ మొక్కలే వస్తాయి. మొదటిది ‘ఎ’ వరుస, రెండోది ‘బి’ వరుస.

కానీ రైతుకు కావాల్సింది గింజ. పుప్పొడి లేని పైరు చేతికొస్తే కంకులు తాలుపోతాయి. ఇక్కడ వస్తాడు మూడోవాడు, ‘ఆర్’ వరుస. ఇతని కేంద్రకంలో పేచీ తీర్చే జన్యువు ఉంటుంది. తల్లి లోపం అలాగే ఉన్నా, పిల్లల్లో పుప్పొడి తిరిగి పుడుతుంది. 1964లో వచ్చిన మన తొలి జొన్న హైబ్రిడ్ సీఎస్‌హెచ్-1, 1965లో వచ్చిన తొలి సజ్జ హైబ్రిడ్ హెచ్‌బి-1 ఈ పద్ధతిలో పుట్టినవే.

ఈ పెళ్లిళ్లు పొలాల్లో జరిపించడంలో ఆర్మూరు దగ్గరి అంకాపూర్‌కు పెద్ద పేరు. జొన్న, సజ్జ విత్తనోత్పత్తిలో సాధారణంగా నాలుగు ఆడ సాళ్లకు రెండు మగ సాళ్లు వేస్తారు. రెండూ ఒకేసారి పూతకు రావాలి. చుట్టుపక్కల అదే పంట ఉండకూడదు. కేళీలు కనిపిస్తే పుప్పొడి రాలకముందే పీకేయాలి. ఒక్క కేళీ మిగిలినా ఎక్కడో ఒక రైతు సంచీలో కల్తీ చేరినట్టే.

అందరికీ ఒకే తల్లి అయితే ప్రమాదమూ ఉంది. 1970లో అమెరికా మొక్కజొన్నను ఆకుమాడు తెగులు ఊడ్చేసింది. అక్కడి హైబ్రిడ్లలో చాలావాటికి ఆధారమైన టెక్సాస్ మైటోకాండ్రియాయే ఆ తెగులుకు తలుపు తెరిచింది. మన దేశంలోనూ టిఫ్ట్ 23ఎ అనే ఒకే ఆడ వరుస నుంచి వచ్చిన సజ్జ హైబ్రిడ్లను 1970ల్లో వెర్రికంకి తెగులు దెబ్బతీసింది. సజ్జలో తప్పు మైటోకాండ్రియాది కాదు, తెగులుకు లొంగిపోయే ఆ వరుసది.

తనలో తనే ముడుచుకుని

ఇంతకీ రాగి సంగతి? దాని పువ్వు మరీ చిన్నది. తన పుప్పొడి తన మీదే పడుతుంది. పరాయి పుప్పొడితో కలవడం నూటికి ఒకటి లెక్క. పరిశోధకులు రెండు కంకులను కలిపి కట్టి, దొరికిన కొద్ది సంకరాలనే వెతుక్కుంటారు. ఆకుపచ్చ తల్లికి ఊదారంగు తండ్రిని పెడితే, వచ్చిన మొలకల్లో ఊదావే అసలు సంకరాలు. మండ్య దగ్గరి వి.సి.ఫారంలో లక్ష్మణయ్య భారత, ఆఫ్రికా రాగులను కలిపి ‘ఇండాఫ్’ రకాలు తీసింది ఇంత ఓపికతోనే. ఇండియాలోని ‘ఇండ్’, ఆఫ్రికాలోని ‘ఆఫ్’ కలిస్తే ఆ పేరు.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1990ల్లో రసాయనంతో శుద్ధి చేసిన రాగిలో పుప్పొడి లేని మొక్కలు దొరికాయి. ‘ఐఎన్ఎఫ్ఎం 95001’ అని పేరు పెట్టారు. అయితే ఇక్కడ లోపం కేంద్రకంలోని జన్యువుది. ‘బి’ వరుసలాంటి తోబుట్టువు లేదు. ఆడ సాలులో సగం మొక్కలకు పుప్పొడి ఉంటుంది. అవేవో పూత వచ్చాక గానీ తెలియదు. పైగా గాలికి ఎగిరి పక్క సాలుకు చేరేంత పుప్పొడి రాగికి లేదు. సంకరాలు చేసే పరిశోధకుడికి అది ఉపయోగమే గానీ, సంచుల్లో అమ్మే విత్తనానికి చాలదు.

అటక మీది ధీమా

కాబట్టి రాగి రైతుకు హైబ్రిడ్ దిగుబడి దక్కలేదు. ఆ నష్టం చిన్నది కాదు. బదులుగా దక్కింది స్వేచ్ఛ. జొన్న హైబ్రిడ్ గింజల్ని దాచి మరుసటి ఏడు చల్లితే ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. కొన్నింటికి పుప్పొడే ఉండదు, పాత పేచీ మళ్లీ బయటపడుతుంది. రాగి అలా చేయదు. బెంగళూరు నుంచి వచ్చిన జీపీయూ-28 అయినా, పెరుమాళ్లపల్లె వకుళ అయినా ఒకసారి తెచ్చుకుంటే కొన్నేళ్లు అదే పంట. దాచుకోవడం, పంచుకోవడం, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవడం రైతు హక్కని 2001 నాటి చట్టం చెబుతోంది. జొన్న హైబ్రిడ్ గింజ దాచుకునే రైతుకు ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది. రాగి రైతుకు అటక మీద ఉంటుంది.

రేపు ఎవరైనా రాగికి సరైన ముగ్గురు చుట్టాల్ని వెతికి పెడితే, గింజ పెరుగుతుంది, సంచీ ధర కూడా వస్తుంది. వాన సరిగ్గా పడని మడకశిర చేలల్లో ఏది లాభమో తూకం వేయాల్సింది రైతే. అంతవరకూ తొలకరి పడితే చేయి జేబులోకి కాదు, అటక మీదికే పోతుంది.