అమ్మ భాష ఆటపాటలకేనా?

జులై వచ్చిందంటే తహితి దీవిలో 'హేయివా' ఉత్సవాల హడావుడి అంతా ఇంతా కాదు. అమ్మాయిలూ అబ్బాయిలూ నెలల తరబడి సాధన చేసి మరీ నాట్యం పోటీలకు దిగుతారు. పాడే పాటలన్నీ తహితీ భాషలోనే. మరి పండగ అయిపోయాక ఇంట్లో అమ్మతో ఏ భాషలో మాట్లాడతారంటారా? ఎక్కువమంది ఫ్రెంచిలో!

దక్షిణ పసిఫిక్ సముద్రంలో నూటికి పైగా దీవులున్న ఫ్రెంచి పాలినేషియాలో తహితియే పెద్దది. మొత్తం జనాభా మూడు లక్షల లోపే. 2017 జనాభా లెక్కల్లో ఇంట్లో ఎక్కువగా ఫ్రెంచే మాట్లాడతామన్నవాళ్లు పదిహేనేళ్లు నిండినవారిలో నూటికి 73.9 మంది. తహితీ అన్నవాళ్లు 20.2 మంది. 2007లో వీళ్లు 24.3 మంది ఉండేవారు.

అలాగని ఇదేమీ మాటలకు కరువొచ్చిన భాష కాదు. రాజధాని పేరు పపేటే. అంటే నీళ్ల బుట్ట అని అర్థం. ఇక్కడి రాజవంశం పేరు పొమారే. 'పో' అంటే రాత్రి, 'మారే' అంటే దగ్గు. రాజుగారి పేరులో ఉన్న మాటల్ని మామూలుగా వాడకూడదు కదా! అందుకని జనం రాత్రికీ దగ్గుకీ వేరే మాటలు పెట్టుకున్నారు. భర్త పేరు పలక్కుండా మన అమ్మమ్మలు పడ్డ తంటాల్లాంటిదే ఇదీనూ. అంత మర్యాద తెలిసిన భాష వంటింట్లోంచి ఎలా జారిపోయింది?

తల్లులే నేర్పడం మానేశారని అనెయ్యడం తేలిక. ఏది తగ్గినా వేలు చూపించేది ఆడవాళ్లవైపే కదా. కానీ ఆ తల్లుల సంగతీ కాస్త ఆలోచించండి. 1880లో ఫ్రాన్సు ఈ దీవిని తనలో కలిపేసుకుంది. ఆ తర్వాత బడుల్లో ఫ్రెంచిదే రాజ్యం. తహితీలో మాట్లాడితే పిల్లలకు శిక్ష. ఆ శిక్షలు అనుభవించిన ఆడపిల్లే పెద్దయి తల్లయింది. తన బిడ్డకు ఆ అవమానం వద్దనుకుంటే అది తప్పా?

దానికి తోడు 1960ల్లో అణుపరీక్షల కేంద్రం వచ్చిపడింది. 1966 నుంచి 1996 వరకు మురురోవా, ఫంగటౌఫా దీవుల్లో ఫ్రాన్సు 193 పరీక్షలు జరిపింది. ఆ పనుల కోసం పపేటేకి సైనికులూ ఆఫీసులూ వచ్చాయి, నెలజీతాలూ వచ్చాయి. చేపలతో, ఎండుకొబ్బరితో బతికే కుటుంబాలు పట్నం దారి పట్టాయి. మంచి ఉద్యోగం కావాలంటే ఫ్రెంచి రావాల్సిందే. అణుధూళి తెచ్చిన జబ్బులకు నష్టపరిహారం ఇస్తామంటూ 2010లో ఒక చట్టమైనా చేశారు. ఇంట్లో ఆగిపోయిన మాటలకు ఎవరిస్తారు పరిహారం?

ఈ బాధనంతా నవలగా రాసింది ఒక మహిళే. పేరు షాంతాల్ స్పిట్జ్. 1991లో వచ్చిన ఆ పుస్తకాన్ని తహితీ రచయిత రాసిన తొలి నవలగా చెబుతారు. విచిత్రం ఏమిటంటే, తన జాతి కథ చెప్పడానికి ఆమె కూడా ఎక్కువ భాగం ఫ్రెంచిలోనే రాయాల్సివచ్చింది. మధ్యమధ్య తహితీ తొంగిచూస్తుందంతే.

చట్టం తీరు ఇంకా విడ్డూరం. 1980లో స్థానిక ప్రభుత్వం తహితీకి ఫ్రెంచితో సమానంగా అధికార భాష హోదా ఇచ్చింది. అది నిలవలేదు. 2004 చట్టం ఫ్రెంచిని అధికార భాషగా చెబుతూ, తహితీని సాంస్కృతిక అస్తిత్వంలో మూలాంశమని మెచ్చుకుంది. పొగడ్త బాగానే ఉంది! 2006లో ఫ్రాన్సు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, స్థానిక శాసనసభలో తహితీలో మాట్లాడే వీలు కల్పించిన నిబంధననే కొట్టేసింది. సభ్యులు మాట్లాడుతూనే ఉన్నారనుకోండి, అది వేరే సంగతి. వేదిక మీద నాట్యమాడేటప్పుడు ముద్దొచ్చే భాష, చట్టం చేసే చోట మాత్రం పనికిరాదా?

2023 ఎన్నికల్లో స్వాతంత్ర్యం కోరే పార్టీ గెలిచింది. అయినా అధికార భాషను మార్చడం దాని చేతిలో లేదు, పారిస్ ఒప్పుకోవాలి. బడి చదువులు మాత్రం స్థానిక ప్రభుత్వం కిందే ఉన్నాయి. 1980ల నుంచి ప్రాథమిక పాఠశాలల్లో తహితీ నేర్పుతున్నారు గానీ, అది వారానికి కొద్ది గంటలే. ముందు ఆ గంటలు పెంచాలి. ఫ్రెంచిలోనే పెరిగిన ఇప్పటి తల్లులకూ సాయంత్రం తరగతులు పెట్టాలి. తనకే రాని భాషని పిల్లకు నేర్పమంటే ఆవిడ మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది?