180 గంటలు ఎవరివి?

సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. "యువత - దేశ భవిత" వంటి వ్యాసాలు ఎలాగూ రెండు మూడు వస్తాయి. కనుక వేసవిలో మన మొదటి సంవత్సరం తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ చేయక తప్పని పనిని గురించి రాస్తాను. అదే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ప్రకారం మొదటి ఏడు ముగిశాక ప్రతి విద్యార్థీ 180 గంటలు ఏదైనా ఊళ్ళోనో పేటలోనో పనిచేయాలి. 4 క్రెడిట్లు. సర్వే, అవగాహన కార్యక్రమం, లాగ్ బుక్కు, రిపోర్టు, చివర వైవా. ఎన్.ఎస్.ఎస్. ఇంతకుముందే ఉంది, 1969లో గాంధీజీ శతజయంతి సంవత్సరంలో పుట్టింది. అయితే అందులో ఇష్టమున్నవాళ్ళు చేరతారు. ఇది అందరికీ తప్పనిసరి. తప్పనిసరి అన్నచోట దొడ్డిదారి వెతకటం కూడా మనకు తప్పనిసరే కదా! హాస్టలు గదిలో ఫ్యాను కింద కూర్చుని నలభై కుటుంబాల ఆదాయాన్నీ అప్పుల్నీ ఒక్క రాత్రిలో సృష్టించగల బ్రహ్మలు మనలో ఉన్నారు. వాళ్ళ సంగతి వదిలేస్తాను. నిజంగా ఊరికి వెళ్ళి, నిజంగా ఎండలో తిరిగి, అయినా ఊరికి ఏమీ మిగల్చకుండా వచ్చేవాళ్ళను గురించే నా బాధ.

నీళ్ళ సంగతే తీసుకోండి. ప్రకాశం జిల్లా పల్లెల్లో ఫ్లోరైడు బాధ నిన్న మొన్నటిది కాదు. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు ప్రాంతాన దాన్ని 1937లోనే గుర్తించారు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చునని ప్రమాణం. కెమిస్ట్రీ విద్యార్థులు అలాంటి ఊరికి వెళ్ళి ఇంటింటా బోరునీళ్ళు సీసాల్లో పట్టుకొస్తారు. సీసా అందిస్తూ ఆ ఇంటి పెద్దామె "మా నీళ్ళు మంచియ్యేనా, బాబూ?" అని అడుగుతుంది. ఆమె అడిగింది అంతే. ఆ జవాబు మాత్రం రిపోర్టు చివరి పట్టికలో 14వ నమూనాగా అచ్చయి డిపార్టుమెంటు బీరువాలో చేరుతుంది. ఆమెకు చేరదు.

పైగా అవగాహన సభలో మనం చెప్పే మాట, "నీళ్ళు కాచి తాగండి" అని. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని పాళ్ళు పెరుగుతాయి కూడా. ఏ ఊళ్ళో ఏ బాధ ఉందో తెలుసుకోకుండా బట్టీపట్టిన ఉపన్యాసం ఇస్తే జరిగేది ఇదే.

అందుకని ముందు పంచాయతీ కార్యదర్శినీ, అంగన్‌వాడీ టీచరునూ, ఆశా కార్యకర్తనూ కలవండి. ఊరి గుట్టంతా వాళ్ళ దగ్గరుంది. ప్రిన్సిపాల్ గారి ఉత్తరం, గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. రోజుకు 6 గంటలు అనుకున్నా 30 రోజులు. మే నెల ఎండలో అవి ఏకబిగిన సాగవు. పనికి పోయేవాళ్ళు తెల్లవారే పోతారు గనక పొద్దుటే కొంతసేపు, సాయంత్రం కొంతసేపు పెట్టుకోండి. రామాలయం అరుగుమీది నలుగురు పెద్దలనడిగి ఊరంతా తెలిసిందనుకోవద్దు. ఎస్సీ కాలనీ నుంచి, ఊరి చివర గుడిసెల నుంచి మొదలుపెట్టండి. అక్కడ మంచినీళ్ళిస్తే తాగండి. ఒక్క గ్లాసుతో ఫ్లోరోసిస్ రాదు. వద్దని సంచిలోంచి సొంత సీసా తీస్తే మాత్రం వాళ్ళకు అర్థమయ్యేది వేరే.

కాగితం తీయగానే పింఛనో ఇల్లో వస్తుందని ఆశపడతారు. "మేం కాలేజీవాళ్ళం, గవర్నమెంటు కాదు" అని మొట్టమొదటే చెప్పాలి. ఆధార్, బ్యాంకు నెంబర్లు అడగొద్దు. ఫోను మోసాలు పెరిగిన ఈ రోజుల్లో అడిగితే తలుపులు మూసుకుంటాయి, తప్పు వాళ్ళది కాదు. "మీ ఆదాయమెంత?" అంటే ఎవరూ చెప్పరు. కూలి ఎంత, నెలలో ఎన్నాళ్ళు దొరికింది అంటే చెబుతారు. ఆడవాళ్ళతో అమ్మాయిలు మాట్లాడటం మేలు, అదీ మగవాళ్ళు పక్కన లేనప్పుడు.

బలవంతపు సేవ సేవే కాదని మా క్లాసులో కొందరి వాదం. కావచ్చు. అయితే పనిమాని మన ప్రశ్నలకు జవాబు చెప్పిన మనిషికి ఆ వాదంతో నిమిత్తం లేదు. మనం ఆమె టైము తీసుకున్నాం, బాకీ ఉన్నాం.

నా అభిప్రాయంలో 180లో చివరి 20 గంటలు తిరిగి వెళ్ళటానికే అట్టిపెట్టాలి. మన లెక్క తప్పయి ఉండొచ్చు. చెడ్డ నీటిని మంచిదంటే ప్రమాదం. కాబట్టి లెక్చరర్ గారి ఎదుట మళ్ళీ పరీక్షించాకే చెప్పాలి. ఏ బోరు నీరు తాగొచ్చో, ఏది వాడకానికే పనికొస్తుందో ఒక్క పేజీలో తెలుగున రాసి పంచాయతీ గోడకు అంటించాలి. హద్దు దాటినవాటి జాబితా గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుగారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. చదవటం రాని ఇళ్ళకు వెళ్ళి నోటితో చెప్పాలి. వైవాలో లెక్చరర్లు కూడా "ఎన్ని ఇళ్ళు తిరిగావు?" అనటంతో ఆగక "వాళ్ళకేం చెప్పి వచ్చావు?" అని అడిగితే బాగుంటుంది.

ఇందుకు కావలసిందల్లా సెలవుల్లో లాబ్ నాలుగు రోజులు తెరవటం, ఒక ఆదివారం బస్సు ఖర్చు, కాసిని జెరాక్సులు. లాబ్ సంగతి ప్రిన్సిపాల్ గారు చూడాలి. మిగతా ఖర్చు యూనియన్ భరించవచ్చు. ఈ సావనీరు అట్టమీద ఒక రంగు తగ్గించుకున్నా సరిపోతుంది.