డాక్టరుగారి జవాబులు: అంగిట్లో పుండు

ఆ మధ్య ఈ శీర్షికలో రాచపుండును గురించి నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే అడగండి అన్నాను. ఒక్క అనకాపల్లి నుంచీ, ఆ చుట్టుపట్ల ఊళ్ళ నుంచీ ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అన్నిటికీ జవాబు రాయాలంటే పత్రికవారు సీరియల్ నవల ఒకటి ఆపుకోవాలి, అందుకు పాఠకులు నన్ను క్షమించరు. అంచేత ఎక్కువమంది అడిగినవే ఏరుకున్నాను.

ఉత్తరాలన్నీ చదివాక ఒక సంగతి కనిపించింది. భర్తను గురించి భార్య, తల్లిని గురించి కొడుకు, అత్తగారిని గురించి కోడలు రాశారు. రోగి తన సంగతి తాను రాసుకున్న ఉత్తరం ఒకే ఒక్కటి. దాన్ని చివర వేస్తున్నాను.

ఒక కోడలు, గవరపాలెం: మా అత్తగారికి అరవై రెండేళ్ళు. వయసులో ఉన్నప్పటి నుంచీ అడ్డచుట్ట అలవాటు. అంగిట్లో చిన్న పుండు లేచి మూడు నెలలైంది. నొప్పి లేదు గనక కాన్సరు కాదని ఇరుగుపొరుగువారు అంటున్నారు. కొత్త అమావాస్యకు నూకాలమ్మవారి జాతర అయ్యాక చూపించుకుంటానని ఆవిడ అంటారు. ఆగవచ్చునా?

జవాబు: ఆగకూడదమ్మా. ఈ జబ్బుకు మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి పుట్టినవాళ్ళు ఆ రోజే పరుగెత్తుకొస్తారు. నొప్పి లేనివాళ్ళే జాతరలూ పెళ్ళిళ్ళూ చూసుకుని తీరిగ్గా వస్తారు. నోట్లో ఏ పుండైనా రెండు మూడు వారాల్లో మానాలి. మానలేదంటే చూపించవలసిందే. మూడు నెలలు ఎప్పుడో దాటిపోయిన గడువు.

అడ్డచుట్ట అంటే తెలియని పాఠకుల కోసం చెబుతాను. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చటం. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ అలవాటు. అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో నేర్చుకుంటారు. గాలికి ఆరదు, నిప్పురవ్వ చీర మీద పడదు, చేతులు రెండూ పనిలో ఉన్నా నోట్లో చుట్ట దాని మానాన అది కాలుతుంది. కాని ఆ నిప్పు సెగా, పొగా తిన్నగా తగిలేది అంగిలికి. మామూలుగా చుట్టా బీడీ కాల్చేవాళ్ళకు అంగిట్లో గట్టిభాగాన కాన్సరు రావటం అరుదు. మన వైపు అది అరుదు కాదు. కోస్తా ఆంధ్రలో అంగిలి కాన్సరుకు ఈ అలవాటే కారణమని 1957 లోనే వైద్యపత్రికలో ప్రకటించారు. తరువాత డెన్మార్కు నుంచి వచ్చిన పిండ్‌బోర్గ్ అనే దంతవైద్య పండితుడూ, బొంబాయి నుంచి ఫాలీ మెహతా బృందమూ కలిసి పల్లెల్లో 10,169 మంది నోళ్ళు తెరిపించి చూసి, 1971 లో ఆ వివరాలు అచ్చువేశారు. పరీక్షించిన వాళ్ళలో నూటికి నలభైమందికి పైగా అడ్డచుట్ట కాల్చేవాళ్ళే.

మీ అత్తగారిని వెలుతురు వచ్చే కిటికీ ముందు కూర్చోబెట్టి, పళ్ళసెట్టు ఉంటే తీయించి, తల వెనక్కి వాల్చి నోరు బాగా తెరవమనండి. పుండు చుట్టూ తెల్లని పొర గాని, ఎర్రని మచ్చ గాని ఉందేమో చూడండి. ఉన్నా లేకపోయినా తీసుకువెళ్ళవలసిందే. ఆ చూడటం మీకు తొందర పుట్టించటానికి చెప్పాను. మీకు దగ్గరలోనే, విశాఖ వెళ్ళే దారిలో, అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి ఉంది. 2014 లో మొదలైంది. నేను చదువుకునే రోజుల్లో ఇటువంటి రోగులు చాలామంది రైలెక్కి మద్రాసు అడయారుకో, బొంబాయికో వెళ్ళేవారు. మీరు బస్సెక్కితే చాలు. చుట్ట మాత్రం ఇవాళే మానిపించండి. పుండు కాన్సరు కాదని తేలినా సరే.

ఒక సోదరుడు, కశింకోట: మా నాన్నగారికి దవడ లోపల పుండు ఉంది. ముక్క తీసి పరీక్ష చెయ్యాలంటున్నారు. కత్తి తగిలితే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని అందరూ భయపెడుతున్నారు. ముక్క తియ్యకుండా వైద్యం చెయ్యరాదా?

జవాబు: నా పెట్టెలో ఎక్కువ ఉత్తరాలు ఈ ప్రశ్నవే. ఈ నమ్మకం ఎలా పుట్టిందో నాకు తెలుసు. నాటుమందులతో ఏడాది గడిపి, మెడలో గడ్డలు లేచాక ఆసుపత్రికి వస్తారు. ముక్క తీస్తారు. నెల తిరక్కుండా రోగం ముదిరిపోతుంది. ఏడాదిపాటు లోపల పెరిగిన జబ్బును ఎవరూ చూడలేదు, కత్తిని అందరూ చూశారు. నింద కత్తి మీద పడింది.

నోట్లో పుండు నుంచి బియ్యపుగింజంత ముక్క తీసినందువల్ల జబ్బు పాకదు. కాలేయం వంటి కొన్ని చోట్ల మాత్రం సూది వెళ్ళే దారిని గురించి జాగ్రత్తపడాలి. ఆ సంగతి డాక్టర్లకు తెలుసు, ఆలోచించే సూది వేస్తారు. ఇక ముక్క లేకుండా వైద్యం అంటారా? పుండును చూడగానే నాకు అనుమానం రావచ్చు. కాని క్షయవల్ల వచ్చిన పుండూ, విరిగిన పన్ను ఒరుసుకుని పడిన పుండూ అచ్చం ఇలాగే ఉంటాయి. అనుమానం మీద మనిషి దవడ కొయ్యటానికి నాకు చేతులు రావు. ముక్కను పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూసి చెప్పాలి. దానికి వారం పది రోజులు పట్టవచ్చు. ఆ పది రోజులూ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదని తెలుసు. అయినా ఆ కాగితం రాకుండా కత్తి గాని, కరెంటు గాని, మందు గాని మొదలుపెట్టే డాక్టరుంటే ఎందుకని అడగండి.

ఒక సోదరి, చోడవరం: మా వారికి చిగురు దగ్గర కాన్సరు. ఎముకను పట్టింది, నాలుగో దశ అన్నారు. ఇక రోజులు లెక్కపెట్టుకోవలసిందేనా?

జవాబు: ‘నాలుగో దశ’ అనే మాట ఇళ్ళల్లో చేసే హాని ఇంతా అంతా కాదు. నోటి కాన్సరుకు దశ కట్టేటప్పుడు పుండు ఎంత పెద్దది, ఎముకలోకి దిగిందా, మెడలో బిళ్ళలు కట్టాయా, ఊపిరితిత్తుల వంటి దూరపు చోట్లకు వెళ్ళిందా అని చూస్తారు. దూరానికి వెళ్ళినా నాలుగో దశే, దవడ ఎముకను తిన్నా నాలుగో దశే. రెండింటికీ పేరు ఒకటేగాని సంగతి ఒకటి కాదు. దవడ దాకానే ఉంటే చాలామందికి ఆ ఎముక ముక్క తీసి, కాలి ఎముకతో తిరిగి దవడ కట్టి, నయం చెయ్యాలనే ఉద్దేశంతోనే ఆపరేషన్ చేస్తాం. పెద్ద ఆపరేషనే, కాదనను. అందరికీ ఫలిస్తుందనీ అనను. మీరు అడగవలసిన ప్రశ్న ‘ఎన్నో దశ’ కాదు, ‘ఎక్కడిదాకా వెళ్ళింది’ అని.

ఒక కుమారుడు, అనకాపల్లి: అమ్మకు అంగిలి తీసేస్తారట. తిన్నదంతా ముక్కులోంచి వస్తుందనీ, మాట పోతుందనీ విని ఆవిడ ఆపరేషన్ వద్దంటోంది.

జవాబు: ఆవిడ విన్నది సగం నిజం. అంగిట్లో కొంత భాగం తీస్తే నోటికీ ముక్కుకీ మధ్య కన్నం పడుతుంది. అలా వదిలేస్తే మీరు చెప్పినట్టే జరుగుతుంది. వదిలెయ్యరు. చిన్నదైతే పక్క కండతో మూస్తారు. పెద్దదైతే పళ్ళసెట్టు కట్టే డాక్టరు ఆపరేషన్‌కు ముందే నోటి అచ్చు తీసుకుని, ఆ కన్నాన్ని మూసే పలక ఒకటి తయారుచేస్తారు. భోజనానికీ మాటకీ పెట్టుకోవాలి, తీసి కడుక్కోవాలి. మొదటి వారాల్లో చిరాకుగా ఉంటుంది. గాయం మానుతున్నకొద్దీ పలకను సవరించాలి. అలా పలక పెట్టుకున్న ఒకావిడ నాతో ధరలను గురించి పావుగంట వాదించి, నన్నే ఓడించింది. ఆపరేషన్‌కు ముందు మీ అమ్మగారికి అటువంటి మనిషిని ఒకరిని చూపించమని ఆసుపత్రివారిని అడగండి. నా మాటకన్నా అది పనిచేస్తుంది.

బెల్లపు వర్తకుల ఇంటి ఇల్లాలు, అనకాపల్లి: తీపి తింటే కాన్సరు పెరుగుతుందని సెల్‌ఫోనులో వచ్చింది. మా ఆయనకు బెల్లం, పాలు, పండ్లు అన్నీ మానిపించాను. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గారు. ఇది గుణమేనా?

జవాబు: గుణం కాదమ్మా, ప్రమాదం. కాన్సరు కణాలు చక్కెరను ఎక్కువగా వాడుకుంటాయన్నది నిజం. పెట్ స్కాన్ అనే పరీక్ష దానిమీదే ఆధారపడింది. కాని మీరు బెల్లం ఆపినంత మాత్రాన వాటికి చక్కెర ఆగదు. అన్నం నుంచీ, పప్పు నుంచీ, ఆఖరికి ఒంట్లోని కండ నుంచీ కూడా శరీరం చక్కెర తయారుచేసుకుంటుంది. పస్తు పడేది జబ్బు కాదు, మీ ఆయన. బరువు తగ్గినవాళ్ళు ఆపరేషన్‌ను, రేడియేషన్‌ను తట్టుకోలేరు. మధుమేహం ఉంటే లెక్క వేరు. లేకపోతే పాలు, గుడ్డు, పప్పు, నెయ్యి వేసిన మెత్తని అన్నం పెట్టండి. అనకాపల్లిలో ఉండి బెల్లానికి భయపడితే ఎలా? కాస్త పాయసం కూడా చెయ్యండి.

కంచం, గ్లాసు వేరు పెట్టాలా అని ఏడుగురు అడిగారు. అక్కర్లేదు. ఇది అంటుజబ్బు కాదు. ఖర్చును గురించి అడిగినవారికి: 2007 లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కార్డు తీసుకుని వెళ్ళి, ఆసుపత్రిలో ఆ పథకం మనిషిని ముందుగా కలవండి. మందులతో చేసే వైద్యానికి భయపడి రాసిన కుర్రవాడికి ఒక్క మాట: ఇప్పటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ అనే మందు అమెరికాలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఆధ్వర్యంలో తయారైనది. వాంతులు, జుట్టు రాలటం మందును బట్టి ఉంటాయి. జుట్టు మళ్ళీ వస్తుంది.

ఒక పెద్దకొడుకు, యలమంచిలి: అమ్మకు కాన్సరని తెలిస్తే గుండె ఆగిపోతుంది. డాక్టరుగారికి చెప్పవద్దన్నాం. ఆయన ఒప్పుకోవటం లేదు. మేము చేసింది తప్పా?

జవాబు: ప్రేమతో చేశారు. నేనూ ఒకప్పుడు మీవంటి కొడుకు మాట విన్నాను.

ఇరవై ఏళ్ళ పైమాట. ఒక పల్లెటూరి ఆవిడ, అడ్డచుట్ట మనిషి. అంగిట్లో పుండు. కొడుకు గుమ్మంలో నా చేతులు పట్టుకుని, “చెప్పకండి బాబూ” అన్నాడు. సరేనన్నాను. “వేడిపుండమ్మా, తీసేస్తే పోతుంది” అన్నాను. తీశాను. తరువాత రేడియేషన్ పెట్టించాలి, వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు. దానికి కూడా ఏదో పేరు పెట్టాను, ఇప్పుడు గుర్తు లేదు. మూడో వారానికి నోరంతా పొక్కింది. ఉప్పూ కారం తగలనీయదు, మంచినీళ్ళు మంట. అది మామూలే, ఆ తరువాత తగ్గుతుంది. సంక్రాంతి వచ్చింది. “పుండు మానిపోయింది గదా, ఇంకా ఈ మంట దేనికి?” అని ఇంటికి వెళ్ళిపోయింది. తిరిగి రమ్మని కొడుకు బతిమాలాడు గాని, ఎందుకు రావాలో చెప్పలేకపోయాడు. చెప్పాలంటే ఆ మాట అనాలి.

ఎండాకాలంలో వచ్చింది. మెడలో గడ్డ, నిమ్మకాయంత. అప్పుడు చెప్పాను. ఆవిడ ఏడవలేదు. నా వంక చూసి, “ఈ మాట ఆ రోజే సెప్పుంటే నాను ఎల్దునా బాబూ?” అంది.

మీ డాక్టరుగారు ఒప్పుకోకపోవటం మంచిదే. చెప్పటం అంటే తల మీద బండ వెయ్యటం కాదు. నేనిప్పుడు మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, “మీ పుండు సంగతి ఎంతవరకు తెలుసుకోవాలని ఉంది?” అని ముందు అడుగుతాను. కొందరు అంతా అడుగుతారు. కొందరు “మా అబ్బాయికి చెప్పండి, నాకొద్దు” అంటారు. అదీ వాళ్ళ ఇష్టమే. మీ అమ్మగారిని ఎవరైనా అడిగారా?

పేరు లేదు, అనకాపల్లి: నాకు యాభై ఎనిమిదేళ్ళు. మా వారు లేరు. రెండు నెలలుగా మా అబ్బాయి నన్ను ఆసుపత్రులకు తిప్పుతున్నాడు. నోట్లోంచి ముక్క తీశారు. నేను గదిలోకి రాగానే ఇంట్లో అందరూ మాటలు ఆపేస్తున్నారు. నాకేమిటో ఎవరూ చెప్పరు. మీరైనా చెబుతారా?

జవాబు: అమ్మా, మీ కాగితాలు చూడకుండా నేను చెప్పకూడదు, చెప్పలేను కూడా. ముక్క తీశారు గనక దాని జవాబు వచ్చే ఉంటుంది. ఆ కాగితం మీది. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని మూడే అడగండి. నా జబ్బు పేరేమిటి? ఎక్కడిదాకా వెళ్ళింది? మీరు చెయ్యబోయే వైద్యం నయం చెయ్యటానికా, బాధ తగ్గించటానికా? ఆయన మీ అబ్బాయి వైపు చూస్తే, “నాతో చెప్పండి బాబూ” అనండి. అబ్బాయిని బయటికి పంపకండి, పక్కనే కూర్చోనివ్వండి.

అంతవరకు ఆగలేకపోతే, ఈ పుట మడిచి రాత్రి అతని కంచం పక్కన పెట్టండి. కోపం వస్తే నా మీద కోప్పడమనండి. పత్రిక చిరునామాకు రాస్తే నాకు చేరుతుంది.