ఆపా దిద్దించిన పేరు

మా ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిని మేమందరం ‘ఆపా’ అని పిలుచుకునేవాళ్లం. పలక పట్టిన మొదటి వారంలోనే ఆమె మాచేత మా పూర్తి పేరును, తండ్రి పేరును ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాయించేవారు. ఇంటికి వచ్చి పెద్దలను అడిగి సరిచూసుకున్న తరువాతే రిజిస్టరులో ఎక్కించేవారు.

ఆ పట్టుదల విలువ గుమాస్తా ఉద్యోగంలో చేరాకే మాకు తెలిసివచ్చింది. ఒకే మనిషికి ఒక కాగితంలో ‘మహమ్మద్’, మరొక దానిలో ‘మొహమ్మద్’, ఇంకొక దానిలో ‘ఎండీ’. పేర్లు కలవలేదని ఎందరో పేద తల్లుల పింఛను దరఖాస్తులను, పిల్లల ఉపకార వేతనాల కాగితాలను మా చేతులతోనే తిప్పి పంపవలసి వచ్చింది. ఆ బాధ నేటికీ మమ్మల్ని వీడలేదు.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350-ఎ అధికరణం చెబుతోంది. ఉర్దూ ఉపాధ్యాయుల పోస్టు ఖాళీగా ఉన్న బడిలో బిడ్డ పాఠమూ పోతుంది, పేరూ తప్పిపోతుంది. ఆ ఖాళీలను భర్తీ చేయాలని ప్రభుత్వాన్ని గట్టిగా కోరుదాం. ఈలోగా ప్రతి మొహల్లాలోనూ చదువుకున్నవారు, బడిలో చేరే బిడ్డ వెంట వెళ్లి, జనన ధ్రువపత్రంతో పేరును అక్షరం అక్షరం సరిచూడాలి. ఆపా ఋణం తీర్చుకునేందుకు మాకు తోచిన మార్గం ఇదే.