అపరాధ పరిశోధన – చరిత్ర శోధన

డిటెక్టివ్ నవలకు మన సాహిత్యలోకం ఎన్నడూ పీట వేయలేదు. కావ్యానికీ, కథకూ, సాంఘిక నవలకూ దక్కిన గౌరవం దానికి దక్కలేదు. ఒక తరం విద్యార్థులు దానిని అద్దె పుస్తకాల దుకాణం నుండి తెచ్చుకొని, పాఠ్యపుస్తకం మధ్య దాచుకొని చదివారు. పెద్దల కంటబడి చీవాట్లు తిన్నారు. నేనూ ఆ తరంలోని వాణ్ణే. మౌలాలిలోని మా ఇంటి నుండి తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వెళ్ళివచ్చే బస్సులో నేను చదివిన పుస్తకాలలో సగం అపరాధ పరిశోధక నవలలే. అవన్నీ గొప్పవని నేను అనను. చాలావాటిని చదివిన మరునాడే మరచిపోయాను. కాని వాటిలో ఒక శాఖ మాత్రం నన్ను విడువలేదు. నేడు జరిగిన నేరానికి మూలాన్ని ఏనాటిదో యుద్ధంలో వెదికే నవలల శాఖ అది. అటువంటి నవలలు కాలక్షేపానికి మించిన పని చేస్తాయనీ, తెలుగులో అవి మరిన్ని రావలసి ఉన్నదనీ నా అభిప్రాయం.

సాధారణమైన డిటెక్టివ్ నవలలో ఒక హత్య జరుగుతుంది. ఆస్తికోసమో, అసూయవల్లనో, పగవల్లనో జరిగిన ఆ హత్యకు కారకుడెవరో చివరి పుటలో తెలిసిపోతుంది. అంతటితో చిక్కు విడిపోతుంది, పాఠకుడు పుస్తకం మూసివేస్తాడు. యుద్ధచరిత్రతో ముడిపడిన నవల అలా ముగియదు. ‘ఎవరు చంపారు?’ అన్న ప్రశ్న వెనుక ‘ఈ పగ ఎక్కడ పుట్టింది?’ అన్న మరో ప్రశ్న నిలబడి ఉంటుంది. దానికి జవాబు హత్య జరిగిన గదిలో దొరకదు. పాత దస్తావేజులలో, పసుపురంగు తిరిగిన ఉత్తరాలలో, పెద్దల మౌనంలో వెదకాలి.

ఇందుకు కారణం లేకపోలేదు. యుద్ధకాలం సామాన్యకాలం వంటిది కాదు. చంపడం నేరమని చెప్పే చట్టమే ఆ కొద్దికాలం మాట పెగలక నిలబడిపోతుంది. దోపిడి విజయం అనిపించుకుంటుంది. ఫిర్యాదు చేసుకొనడానికి ఠాణా ఉండదు. నమోదు చేసే చేయి ఉండదు. యుద్ధం ముగిసిన తరువాత అందరూ ఇళ్ళకు తిరిగివస్తారు. చంపినవాడూ, చనిపోయినవాని కొడుకూ ఒకే వీధిలో కాపురముంటారు. దోచిన సొమ్ముతో ఒకడు పెద్దమనిషి అవుతాడు. పేరు మార్చుకొని మరొకడు కొత్త జీవితం మొదలుపెడతాడు. లెక్క తేలని ఆ నేరాలు కాలంతోపాటు కరిగిపోవు. అడుగున పేరుకొని ఉంటాయి. వాటిని కదిలించే పరిశోధకుని కథే ఈ నవల.

ఈ శాఖ కొత్తది కాదు. ఆంగ్లంలో తొలి డిటెక్టివ్ నవలలలో ఒకటిగా పేరొందిన ‘ది మూన్‌స్టోన్’ 1868లో వెలువడింది. రచయిత విల్కీ కాలిన్స్. ఇంగ్లండులోని ఒక సంపన్నుల ఇంట్లో వజ్రం మాయం కావడం అందులోని నేరం. కాని కథ మొదలయ్యేది ఇంగ్లండులో కాదు. 1799 మే 4న ఆంగ్లసేనలు టిప్పు సుల్తాను రాజధాని శ్రీరంగపట్టణాన్ని పట్టుకొన్న రోజున, ఆ గందరగోళంలో, ఒక ఆంగ్ల సైనికాధికారి కావలివారి ప్రాణాలు తీసి వజ్రాన్ని కాజేస్తాడు. తరువాతి కథంతా ఆ పాపం తరిమిన కథే. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో రచించిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లోనూ ఇదే పద్ధతి కనబడుతుంది. లండనులో జరిగిన హత్యకు కారణం 1857 తిరుగుబాటు కాలంలో ఆగ్రా కోటలో దాచిన నిధి అని షెర్లాక్ హోమ్స్ తెలుసుకుంటాడు. అంటే ఆంగ్ల డిటెక్టివ్ నవల తన బాల్యంలోనే మన దేశపు యుద్ధభూమిని తొక్కి నడిచిందన్నమాట.

‘మూన్‌స్టోన్’ మొదటిసారి చదివినప్పుడు అది ఎక్కడో దూరతీరపు కథ అనుకొన్నాను. తరువాత తెలిసింది, శ్రీరంగపట్టణం ముట్టడిలో నిజాం సైన్యం కూడా ఆంగ్లేయుల పక్షాన నిలిచిందని. ఆ సైన్యానికి నాయకుడు మీర్ ఆలం. మా మౌలాలి గుట్ట పాదాన సమాధిలో విశ్రమిస్తున్న కవయిత్రి మహలఖాబాయి చందా, అదే సంవత్సరం అక్టోబరులో, అదే మీర్ ఆలం ఇంట్లో, జాన్ మాల్కం అనే ఆంగ్ల అధికారికి తన గజళ్ళ రాతప్రతిని కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయంలో ఉన్నది. నేను నిత్యం చూసే గుట్టకూ, లండనులో అచ్చయిన నవలకూ మధ్య ఉన్న దూరం ఇంతే! మంచి పుస్తకం చేసే మేలు ఇది. మనకు అలవాటైపోయిన ఊరిని కొత్త కళ్ళతో చూడమంటుంది.

ఇరవయ్యో శతాబ్దపు యూరపులో ఈ నవల మరింత బరువైన బాధ్యతను తలకెత్తుకొన్నది. ఫ్రెంచి రచయిత డీడియే డెనాంక్స్ 1984లో ప్రచురించిన నవల అందుకు నిదర్శనం. 1961 అక్టోబరు 17న పారిస్ నగరంలో అల్జీరియనుల ఊరేగింపుపై పోలీసులు ఘోరంగా విరుచుకుపడ్డారు. ఆ రాత్రి ఒక చరిత్ర ఉపాధ్యాయుడు హత్యకు గురికావడం నవలలోని మొదటి నేరం. ఇరవై ఏళ్ళ తరువాత అతని కుమారుడు కూడా హత్యకు గురవుతాడు. పరిశోధకుడు ఆ రెండు హత్యల వెనుక రెండవ ప్రపంచయుద్ధకాలంలో యూదులను మృత్యుశిబిరాలకు తరలించిన ఒక అధికారి గతాన్ని కనుగొంటాడు. ఇది కేవలం కల్పన కాదు. 1961లో పారిస్ పోలీసు అధిపతిగా ఉన్న మోరిస్ పపోన్ యుద్ధకాలంలో బోర్డో నగరంలో అధికారిగా పనిచేశాడు. యుద్ధానంతరం మంత్రి కూడా అయ్యాడు. యూదుల తరలింపులో అతని పాత్రకుగాను 1998లో న్యాయస్థానం పదేళ్ళ జైలుశిక్ష విధించింది. న్యాయస్థానం ఆ మాట చెప్పడానికి పద్నాలుగేళ్ళ ముందే ఒక డిటెక్టివ్ నవల ఆ ప్రశ్నను సామాన్య పాఠకుని చేతికి అందించింది.

ఇటువంటి పరిశోధన పుస్తకాలలోనే జరుగుతుందనుకొంటే పొరపాటు. తార్నాక దాటి ఉప్పల్ వైపు సాగే దారిలో, హబ్సిగూడ వద్ద, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నది. దానిని మనం సి.సి.ఎం.బి. అని పిలుస్తాం. పంజాబులోని అజ్నాలా పట్టణంలో ఒక పాత బావిని 2014లో తవ్వినప్పుడు పెద్దయెత్తున మానవాస్థికలు బయటపడ్డాయి. అవి దేశవిభజననాటి అల్లర్లలో మరణించినవారివని కొందరన్నారు. 1857లో తిరుగుబాటు చేసిన సిపాయిలవని మరికొందరన్నారు. ఆనాటి అమృత్‌సర్ డిప్యూటీ కమిషనర్ ఫ్రెడరిక్ కూపర్, లాహోరు దగ్గరి మియాన్‌మీర్ శిబిరం నుండి పారిపోయి వచ్చిన 26వ బెంగాల్ పదాతిదళం సిపాయిలలో 282 మందిని అజ్నాలాలో ఎలా కడతేర్చినదీ తన పుస్తకంలో 1858లోనే గర్వంగా రాసుకొన్నాడు. వారిలో 237 మందిని కాల్చి చంపారు. 45 మంది ఇరుకైన బురుజులో ఊపిరాడక మరణించారు. నేరం చేసినవాని ఒప్పుకోలు ఉన్నది. అస్థికలు ఉన్నాయి. కాని ఈ అస్థికలు ఆ సిపాయిలవే అనడానికి రుజువు లేదు. ఏ నవలాకారుడూ ఇంతకంటే గట్టి చిక్కుముడి వేయలేడు.

ఆ ముడిని విప్పినవి చనిపోయినవారి దంతాలు. సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పంజాబ్ విశ్వవిద్యాలయం, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం, బీర్బల్ సాహ్ని సంస్థలకు చెందిన పరిశోధకులతో కలసి 50 నమూనాలలో డి.ఎన్.ఎ.ను, 85 నమూనాలలో ఐసోటోపులను పరీక్షించారు. డి.ఎన్.ఎ. వారి వంశమూలాలను తెలుపుతుంది. పంటి పింగాణీలోని ఐసోటోపులు చిన్ననాట వారు తాగిన నీటి జాడను, తిన్న తిండి జాడను చెబుతాయి. ఆ మృతులు పంజాబువారు కారనీ, గంగా మైదానానికి చెందినవారనీ 2022లో వెల్లడైన ఫలితాలు తేల్చాయి. 165 ఏళ్ళ తరువాత ఆ మూగ మనుషులు తమ ఊరు ఏ దిక్కున ఉన్నదో చెప్పుకోగలిగారు. వాదించుకొన్న ఇరుపక్షాలూ దేశాన్ని ప్రేమించినవే. కాని నిజాన్ని తేల్చింది ప్రేమ కాదు, సాక్ష్యం. అపరాధ పరిశోధక నవల పాఠకునికి నేర్పవలసిన గుణం కూడా ఇదే.

మరి మన తెలుగు మాట ఏమిటి? తెలుగులో డిటెక్టివ్ నవలకు కొరత లేదు. దేవరాజు వేంకటకృష్ణారావు ‘వాడే వీడు’ రచించిన కాలం నుండి ఆ ప్రక్రియ మనకు పరిచయమే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ ఇంటింటా తెలిసిన మనిషి. టెంపోరావు వేలాది పాఠకులను నిద్రకు దూరం చేశాడు. మహాకవులలో ఒకరైన ఆరుద్ర సైతం డిటెక్టివ్ కథలు రాయడానికి చిన్నతనపడలేదు. అయితే నేను చదివినంతలో మన పరిశోధకులు మన యుద్ధచరిత్ర వైపు చూడడం అరుదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్టణం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేశాయి. 1948 ఆగస్టులో ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్ల చేతిలో హైదరాబాదు నడివీధిలో హతుడయ్యాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. తరువాతి రోజులలో సామాన్య ముస్లింలపై సాగిన హింసను విచారించిన సుందర్‌లాల్ సంఘం నివేదిక దశాబ్దాలపాటు ప్రజలకు అందలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్యుల వంటి నవలాకారులు నిజాం కాలపు జీవితాన్ని గొప్పగా చిత్రించారు. కాని ఆ కాలపు లెక్క తేలని నేరాలను నేటి కళ్ళతో వెదికే పరిశోధకుడు మన నవలలో ఇంకా పుట్టవలసే ఉన్నాడు.

ముడిసరుకు లేదని ఎవరూ అనలేరు. పోలీసు చర్య ముగిసిన వెంటనే, 1948 సెప్టెంబరు 20న, నిజాం ప్రభుత్వానికి చెందిన పది లక్షల పౌండ్లకు పైగా ధనం లండనులోని ఒక బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనరు ఖాతాలోకి మారింది. కొద్ది రోజులకే నిజాం ఆ బదిలీ తన అనుమతితో జరగలేదని తిరిగి కోరాడు. ఆ ధనం ఆయుధాల వ్యవహారానికి సంబంధించినదన్న వాదన కూడా తరువాత బయలుదేరింది. 1957లో ఆ వివాదం బ్రిటిష్ ప్రభువుల సభ వరకు వెళ్ళి తేలక ఆగిపోయింది. చివరకు 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు భారతదేశానికీ, నిజాం వారసులకూ అనుకూలంగా తీర్పు చెప్పింది. అప్పటికి ఆ మొత్తం మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది. 71 ఏళ్ళు నడిచిన ఈ వ్యవహారం కంటే ఉత్కంఠ కలిగించే ఇతివృత్తం ఏముంటుంది?

‘మానిన గాయాలను మళ్ళీ రేపడం ఎందుకు?’ అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. మా మౌలాలిలో సాయంకాలం ఒకే అరుగుపై కూర్చొనే ఇద్దరు వృద్ధులను ఎరుగుదును. ఒకరు బాల్యంలో రజాకార్లకు భయపడి నల్లగొండ జిల్లా నుండి తల్లి చంకనెక్కి పారిపోయి వచ్చారు. మరొకరు పోలీసు చర్య తరువాత బీదర్ ప్రాంతంలో తండ్రిని పోగొట్టుకొని వచ్చారు. ఆ రోజుల గురించి అడిగితే మొదటివారు “ఆ సంగతులు ఇప్పుడెందుకు బాబూ!” అన్నారు. రెండవవారు “ఛోడో బేటా!” అని తల తిప్పుకొన్నారు. ఒకరి దుఃఖం ఒకరికి తెలుసు. ఇద్దరూ దానిని నోట పలకరు. వారి మౌనాన్ని నేను గౌరవిస్తాను. కాని అది వారు కోరి కట్టుకొన్న మౌనం. వారి మనుమలకు తెలియక కలిగే మౌనం వేరు. తెలియనితనం ఖాళీ ఇంటి వంటిది. ఎవడైనా వచ్చి తన అబద్ధాన్ని అందులో కాపురం పెట్టవచ్చు. గాయం మానాలంటే లోపల ముల్లు మిగిలి ఉండకూడదు కదా!

అయితే ఈ నవల రాయదలచినవాడు కొన్ని నియమాలు పాటించాలి. మొదటిది, ఎవరి కన్నీటినీ కేవలం ఉత్కంఠ కోసం వాడుకొనరాదు. రెండవది, నేరం చేసినవానికి పేరుండాలి గాని, అతని మతానికో కులానికో ఆ నేరాన్ని అంటగట్టరాదు. మూడవది, తన పక్షం చేసిన తప్పును కూడా ఎదుటిపక్షపు తప్పును చూసిన కంటితోనే చూడాలి. ఈ మూడూ లేని నవల పరిశోధన కాదు, పగకు పోసే ఆజ్యం. ఇవి ఉన్న నవల న్యాయస్థానం చేయలేని మేలు చేస్తుంది. శిక్ష వేయలేకపోయినా, మరుపున పడిన మనిషికి పేరు తిరిగి ఇస్తుంది.

నేటి విద్యార్థులు డిటెక్టివ్ నవలను పాఠ్యపుస్తకం మధ్య దాచుకోనవసరం లేదు. బల్లపై పెట్టుకొనే చదవండి. చదివిన తరువాత ఒక పని చేయండి. మీ వీధిలోని పాత ఇంటినో, సమాధినో, బావినో చూసి దాని కథ ఏమిటని అడగండి. పోలీసు చర్యను కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఎనభై ఏళ్ళు దాటినవారే. మా అరుగుపై కూర్చొనే ఆ ఇద్దరిలో ఏ ఒక్కరైనా ఏదో ఒకనాడు తామంతట తామే నోరు విప్పుతారని నా ఆశ. ఆనాడు వినడానికి ఓర్పుగల చెవి, రాసుకొనడానికి పక్షపాతం లేని చేయి సిద్ధంగా ఉండాలి. ఆ చెవి, ఆ చేయి మీవి కావాలి.