రహమ్‌లో జబర్దస్తీ ఉండదు

"మీ ఇంట్లో కుక్కంట కదా భాయ్! మరి నమాజ్ ఎలా?"

ఈ ఆరు నెలల్లో ఈ సవాల్ ఎంతమంది అడిగారో లెక్క లేదు. మసీదు మెట్ల మీద అడిగారు, నికాహ్ దావత్‌లో అడిగారు, ఫోన్ చేసి మరీ అడిగారు. వాళ్ల మీద నాకు గుస్సా లేదు. మొదటి రోజు మా అమ్మీ కూడా ఇదే అడిగింది. కానీ ఒక్కరంటే ఒక్కరు కూడా "ఆ జాన్వర్ ఎలా ఉంది, తింటోందా?" అనలేదు. నాకు కష్టంగా ఉన్నది అదే.

కిస్సా చిన్నదే. మా ఆనందపురం పూల మార్కెట్ మీకు తెలుసు. తెల్లారకముందే చుట్టుపక్కల ఊళ్ల నుంచి చామంతి, బంతి, కనకాంబరం మూటలు దిగుతాయి. పక్కనే పెందుర్తి మీదుగా అనకాపల్లి వెళ్లే ఆరు లేన్ల రోడ్డు. లారీలు ఆగవు. అక్కడ ఖాళీ గోనెల మధ్య ముడుచుకుని దొరికింది ఈ చిన్న ఆడకుక్క. ఎవరో వేడినీళ్లు పోసినట్టున్నారు, వీపు మీద బొచ్చు ఊడిపోయి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు ఎత్తుకెళ్లి వైద్యం చేయించారు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు, రేబిస్ టీకా వేయించారు. తర్వాత ఎవరైనా పెంచుకుంటారా అని అడిగారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా తోకూపుతూ ఎదురొచ్చిన వాటిని తీసుకెళ్లారు. ఇది గోడ వైపు తిరిగి కూర్చునేది. అలా మిగిలిపోయింది. మా అమ్మాయి ఆ మిగిలిపోయిన దాన్నే అడిగింది. నన్హీ అని పేరు కూడా అప్పుడే పెట్టేసింది.

ముందు దీన్ సంగతి తేల్చుకుందాం, దాటేయడం నాకిష్టం లేదు. ఈ మస్లాలో నాలుగు మజ్హబ్‌లదీ ఒకే మాట కాదు. షాఫయీల దగ్గర కుక్క మొత్తం నజిస్. మాలికీల దగ్గర బతికున్న కుక్క పాక్. మన హనఫీల దగ్గర దాని లాలాజలం నాపాక్. పొడి వెంట్రుక బట్టకి తగిలితే ఆ బట్ట నాపాక్ కాదు. కుక్కను ముట్టుకుంటే వుజూ పోతుందని మొహల్లాలో అంటారు గానీ అలా ఏ మజ్హబూ చెప్పదు. అది నోరు పెట్టిన గిన్నెను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగమని హదీస్. వేటకో, పశువులకో, పొలానికో కాకుండా పెంచితే రోజూ సవాబ్ తగ్గుతుందని హదీస్. కుక్క ఉన్న ఇంటికి రహమత్ ఫరిష్తేలు రారన్నదీ హదీసే. అనుమతి ఉన్న కుక్కలకి ఇది వర్తించదన్న ఉలమా ఉన్నారు, వర్తిస్తుందన్నవాళ్లూ ఉన్నారు.

నన్హీని కాపలా కుక్క అని చెప్పుకుంటే దొంగలు కూడా నవ్వుతారు. ప్రెషర్ కుక్కర్ కూసినా మంచం కిందకి దూరుతుంది. అందుకే నేను ఫత్వా ఇవ్వట్లేదు, మేం చేసుకున్న బందోబస్తు చెబుతున్నా. దాని చోటు వెనక వరండా. జానమాజ్ పరిచే గదిలోకి రాదు. దాని గిన్నెలు వేరే. ముఖం నాకనివ్వం, చెయ్యి నాకితే కడుక్కుంటాం.

కానీ ఒక్క మాట గట్టిగానే అంటాను. నజాసత్ అంటే కడుక్కోమని హుకుం, రాయి విసరమని ఇజాజత్ కాదు. దాహంతో నాలుక చాపిన కుక్కకి మోజాతో, బూటుతో బావి నీళ్లు తోడి పోసినవాళ్లని అల్లాహ్ మాఫ్ చేశాడని హదీసుల్లో లేదా? అస్హాబె కహఫ్ గుహ వాకిట ముందుకాళ్లు చాపుకుని పడుకున్న కుక్కని ఖుర్ఆన్ వాళ్లతో కలిపి లెక్కపెట్టలేదా? తహారత్ హదీసులన్నీ మనకి కంఠస్థం, రహమ్ హదీసు మాత్రం పిల్లలకి చెప్పే కహానీగా మిగిలింది.

ఇక నా గల్తీ చెబుతాను. నాలుగో రోజు నేను తొందరపడ్డాను. వాసన వస్తోంది, స్నానం చేయిద్దామని మంచం కింద నుంచి బెల్టు పట్టి లాగాను. అది కరవలేదు, అరవలేదు. భయంతో నేల మీదే తడిపేసుకుంది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. నేను చేసింది ఖిద్మత్ అనుకున్నాను. దానికి మాత్రం వేడినీళ్లు పోసిన చెయ్యికీ, స్నానానికి లాగిన చెయ్యికీ తేడా ఏం తెలుస్తుంది?

కుక్కల్ని కాపాడేవాళ్లు ఒక లెక్క చెబుతారు: మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు. మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి పద్ధతి తెలియడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి. రోడ్డు మీద దెబ్బలు తిన్నదానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆ తర్వాత మేం చేసింది నిజానికి చాలా తక్కువ. ఒక మూల, ఒక పాత దుప్పటి, రోజూ ఒకే వేళకి తిండి. ఎదురుగా నిలబడి కళ్లలోకి చూడకుండా, పక్కకి తిరిగి నేల మీద కూర్చోవడం. మీద నుంచి తల నిమరకపోవడం. అది ఆవలించినా, పెదాలు నాక్కున్నా, ముఖం తిప్పుకున్నా 'ఇక చాలు' అంటోందని అర్థం చేసుకుని లేచిపోవడం. గేటుకి గడియ మాత్రం ఎప్పుడూ వేసి ఉంచాం. బెదిరిన కుక్క మొదటి వారాల్లోనే పారిపోతుంది, మాకు హైవే దగ్గర. పంతొమ్మిదో రోజు అది తనంతట తానే వచ్చి మా అమ్మాయి అరచేతిలో కోడిగుడ్డు ముక్క తింది. ఇంట్లో ఎవరం గట్టిగా ఊపిరి కూడా తీయలేదు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది. దేశమంతా రెండుగా చీలి కొట్లాడుకుంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచ్ దాన్ని మార్చింది: ఆపరేషన్, టీకా తర్వాత ఎక్కడివి అక్కడ వదలండి, రేబిస్ ఉన్నవీ, మీద పడి కరిచేవీ తప్ప. నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసేయమంది. పిల్లల్ని కుక్కలు కరవడం నేను రిపోర్ట్ చేసిన వార్తే, ఆ తల్లుల ఖౌఫ్ ఝూటా కాదు. కరిస్తే పసుపూ కారం పెట్టకండి, సబ్బుతో పదిహేను నిమిషాలు ధార కింద కడిగి, ఆ రోజే టీకాకి వెళ్లండి.

అయితే ఆ ఆగస్టు 22 ఆర్డర్లో ఇంకో మాట ఉంది, దాని మీద ఎవరూ బహస్ పెట్టలేదు. ఇష్టమున్నవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకుని వీధికుక్కని దత్తత తీసుకోవచ్చు, కానీ అది మళ్లీ వీధికి రాకుండా చూసే జిమ్మేదారీ వాళ్లదే. నా రాయ్ కూడా అదే. తెచ్చుకుని, ఫోటో పెట్టి, 'మాతో కలవట్లేదు' అని నెలకే వదిలేసేవాళ్లు అసలు తేకపోవడమే నయం. అది అమానత్. వదిలేయడం ఖయానత్. చోటు లేదా, ఇంట్లో రాజీ లేదా, ఏం ఫర్వాలేదు. గేటు బయట నీళ్ల తొట్టి పెట్టండి. మీ పిల్లాడి చేతిలో రాయి ఉంటే తీసేయండి. తీసుకోదలిస్తే మాత్రం ఎదురొచ్చిన దాన్ని ఇంకెవరైనా తీసుకుంటారు. మీరు గోడ వైపు తిరిగి కూర్చున్నదాన్ని చూడండి.

అమ్మీ ఇప్పటికీ నన్హీని ముట్టుకోదు. ఆమె తహారత్ ఆమెది, నేను బలవంతపెట్టను. కానీ ఫజర్ తర్వాత తస్బీహ్ తిప్పుతూ వెనక వరండా వైపు చూసి నన్నే అడుగుతుంది: "బేటా, దానికి నీళ్లు పెట్టావా?"