దిగులును కోపమును: మందులేని ఉపాయములు



వాన వెనుదీసినయెడల రైతు మొదట ఆకాశమును జూచును. పిదప అప్పు కాగితమును జూచును. ఆ వెనుక ఇల్లాలిని కసరుకొనును. వాన రాకపోవుటకు ఆమె కారణము కాదు. అయినను గుండెలోని దిగులు నోటికి వచ్చునప్పటికి కోపమై వెడలుచున్నది. ఈ రెండును తఱచుగా ఒక్క గడ్డనుండి మొలచిన తుంగపిలకలు. పైపిలకను త్రుంచినంతమాత్రమున తుంగ చావదు గదా!

సారాయే దీనికి మందని కొందఱనుచున్నారు. మేమొప్పుకొనము. అది ఒక గడియ మఱపించి, రాత్రి నిద్రను చెఱచి, మఱునాటి దిగులును పెంచును. ఖర్చులేని ఉపాయములు వేఱే కలవు.

కోపము వచ్చినపుడు గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి వడివడిగా నాడును. అట్టివేళ "కొంతసేపైన పిదప మాటలాడెదను" అని చెప్పి, ఆ చోటు విడిచి నడువవలెను. ఊపిరిని మెల్లగా పీల్చి, అంతకంటె మెల్లగా విడువవలెను. నిమిషమునకు 6 మార్లు చొప్పున 5 నిమిషములు చేసినచో దేహము నెమ్మదించును. దానివెంట మనస్సును నెమ్మదించును.

ఊపిరి విడిచినంతనే అప్పు తీరునా యని మీరడుగవచ్చును. తీరదు. కాని తీర్చు దారి వెదకుటకు నిలుకడగల బుద్ధి కావలెను. కాగితముపై రెండు వరుసలు గీయుడు. తన చేతిలో లేనివి ఒక వైపున వ్రాయవలెను: వాన, బజారు ధర. చేతిలోనున్నవి రెండవ వైపున వ్రాయవలెను: వాయిదాకొఱకు సంఘమునకు అర్జీ, వేరుసెనగ అదను దాటినచో ఉలవయో కొఱ్ఱయో విత్తుట. రెండవ వరుసనుండి దినమునకొక పనిని పట్టుకొనవలెను. రాత్రి పడుకొని అప్పుల లెక్క వేయరాదు. దానికి పగలొక అరగంట నియమించుకొనుడు.

అన్నిటికంటె మేలైనది చెప్పుకొనుట. జింబాబ్వే దేశపు హరారే నగరమున 2006లో 14 మంది అవ్వలకు తర్ఫీదిచ్చి, ఆరోగ్యకేంద్రముల చెంత బల్లలపై కూర్చుండబెట్టిరి. మనము మనాది అనునట్లే అచ్చటివారు 'కుఫుంగిసిస', అనగా అతిగా తలపోయుట, అందురు. ఆ బాధతో వచ్చినవారికి అవ్వలు నీతులు చెప్పరు. కష్టములన్నిటిలో ఒకదానిని ఎన్నుకొనజేసి, దానికి వేయదగిన మొదటి అడుగును వారిచేతనే చెప్పింతురు. 573 మందితో జరిపిన పరీక్ష ఫలితములు 2016లో వెలువడినవి. ఈ బల్ల సాయము పొందినవారికి ఆఱు నెలల పిదప, మామూలు వైద్యము పొందినవారికంటె బాధ తక్కువగా నుండెను.

మన యూళ్లలో రచ్చబండలు లేవా? ఎద్దు కుంటినయెడల ఊరందఱికి జూపి ఉపాయమడుగుదుము; మనస్సు కుంటినయెడల పరువు పోవునని దాచుకొందుము. ఇది వివేకము కాదు. అప్పును పంచుకొను సంఘము దిగులును ఏల పంచుకొనరాదు? ప్రతి సంఘమును వారమునకొక సాయంకాలము అనుభవశాలురగు ఇద్దఱు సభ్యులను, స్త్రీనొకతెను పురుషునొకనిని, ఇందులకై కూర్చుండబెట్టవలెనని మా యభిప్రాయము. అచ్చట విన్నమాట అచ్చటనే నిలువవలెను. బాకీదారుల పేళ్లు నలుగురిలో చదువు అలవాటెచ్చటనున్నను మానవలెను. పురుగుమందు డబ్బాలు ఇండ్లలో నుంచక, సంఘపు గిడ్డంగిలో తాళమువేసి, చల్లుదినమున మాత్రమే ఈయవలెను. కోపము గడియసేపటిది, ఆ గడియలో విషము చేతికందరాదు.

ఒక్క హెచ్చరిక. రెండు వారములు నిద్రపట్టకున్నను, చావు తలంపు కలిగినను, పై యుపాయములతో సరిపెట్టుకొనక వైద్యునియొద్దకు పోవలెను. మాత్రలు వాడుచున్నవారు వైద్యునడుగక మానరాదు. 2022లో నెలకొల్పబడిన టెలిమానస్‌కు 14416 సంఖ్యతో ఫోను చేసినచో ఖర్చు లేకుండ తెలుగున మాటలాడవచ్చును.

పంట ఒక యేడు పోయినను మఱుసటి యేడు విత్తవచ్చును. విత్తువాడు మాత్రము నిలువవలెను. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చకు తెండని సభ్యులను కోరుచున్నాము.